సూదులా, సూదిమందా?



నేను 1972లో గుమాస్తాగా చేరిన కొత్తలో మా సెక్షన్‌లో టీ వేళ ఒక కబురు తెగ తిరిగింది. చైనాలో ఓ అమెరికా విలేఖరికి మత్తు ఇవ్వకుండా, ఒంటికి సూదులు గుచ్చి కడుపు ఆపరేషన్ చేశారట! పేపర్లో పడిందని హెడ్ గుమాస్తా గారు నొక్కి చెప్పారు. నేను నమ్మడమే కాదు, సర్వీసంతా పదిమందికీ చెప్పాను. రిటైరయ్యాక తీరిగ్గా అసలు సంగతి చదివితే తెలిసింది, ఫైలు చూడకుండా సంతకం పెట్టేశానని.

ఆ విలేఖరి న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జేమ్స్ రెస్టన్. 1971 జూలైలో పెకింగ్‌లో ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. నిక్సన్ చైనాకు రాబోతున్నాడన్న కబురు, అంత పెద్ద వార్త తన చెయ్యి దాటిపోయిన వేళే, మొదటి పోటు పొడిచిందని ఆయనే సరదాగా రాసుకున్నాడు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. మర్నాడు రాత్రి కడుపు ఉబ్బరించి బాధపడుతుంటే, అప్పుడు మోచేతికి, మోకాళ్ళ కింద మూడు సూదులు గుచ్చి ఉపశమనం కలిగించారు. జూలై 26న ఇదంతా ఆయన స్పష్టంగానే రాశాడు. నోళ్ళు మారేసరికి ముందువి వెనక, వెనకవి ముందు అయ్యాయి. మన భాషలో ఇంజెక్షన్నీ సూదే అంటాం కదా, ఇంకా సులువు!

అలాగని ఆ సంగతి మొత్తం కట్టుకథ కాదు. సూది వైద్యం రెండు వేల ఏళ్ళ పైబడినది. కానీ కోతకు ముందు నొప్పి తెలియకుండా వాడటం 1958లో షాంఘైలో టాన్సిల్స్ ఆపరేషన్‌తో మొదలైంది. ఆపరేషన్ తర్వాతి నొప్పి సూదులతో తగ్గుతుంటే, ముందే గుచ్చితే ఏమవుతుందన్న ఆలోచన అది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో దీన్ని దేశం ఘనతగా చాటారు. 1972లో నిక్సన్ వెంట వెళ్ళిన డాక్టరు కూడా అలాంటి ఆపరేషన్లు చూశాడు. రోగి మెలకువగా ఉండి మాట్లాడటం చూసినవారు నివ్వెరపోయారు. అయితే రోగులను ఏరి ఎంచుకునేవారు, నిద్ర మందులూ కోసేచోట మత్తు ఇంజెక్షన్లూ తోడుగా వాడేవారు. 2006లో బి.బి.సి. చూపిన షాంఘై గుండె ఆపరేషన్‌లోనూ ఇదే తేలింది.

సూదులు గుచ్చితే శరీరమే నొప్పిని తగ్గించే పదార్థాలు విడుదల చేస్తుందని 1970లలో పరిశోధకులు కొంత ఆధారం చూపారు. నొప్పి తగ్గడం వేరు, కత్తి పడినా తెలియకపోవడం వేరు. మత్తుమందుకు బదులుగా సూదులు నిలవలేదు.

మన దేశానికి ఈ విద్య తెచ్చినవారిలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ముఖ్యులు. 1938లో కోట్నీస్ గారితో చైనా వెళ్ళిన వైద్యబృందంలో ఒకరు. 1950ల చివర మళ్ళీ వెళ్ళి, నేర్చుకుని, కలకత్తాలో వైద్యం ప్రారంభించారు.

పోయినేడాది నాకు హెర్నియా ఆపరేషన్ అన్నారు. మా బావమరిది పరుగున వచ్చి, "ఈ వయసులో మత్తెందుకు బావా, చైనా సూదులు పెట్టించుకోండి" అన్నాడు. ఆ కథ వాడికి చెప్పింది నేనే మరి! ఏం మొహం పెట్టుకుని కసురుకోను?

నడుముకు ఒక ఇంజెక్షన్ వేశారు. కాసేపటికి కాళ్ళు నావి కావనిపించింది. డాక్టర్లు క్రికెట్ మాట్లాడుకుంటుంటే వింటూ పడుకున్నాను.

బయటికి రాగానే, "సూదితోనే చేశారా బావా?" అన్నాడు.

"సూదితోనే" అన్నాను.