పైలట్ల కొరత అంటున్నారు.. మరి చిన్న విమానాలు నడిపిన వాళ్లకి పెద్ద ఎయిర్‌లైన్స్‌లో సీటెందుకు దొరకట్లేదు?

దేశానికి పైలట్లు కావాలి. కొన్నేళ్లుగా వినిపిస్తున్న మాట ఇదే. వచ్చే 15-20 ఏళ్లలో 30 వేల మంది పైలట్లు అవసరమవుతారని కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కూడా చెప్పారు. ఇంకోవైపు లైసెన్స్ చేతిలో పెట్టుకుని ఇంట్లోనే కూర్చున్న పిల్లలున్నారు. చిన్న విమానాలు ఏళ్ల తరబడి నడిపి కూడా పెద్ద ఎయిర్‌లైన్స్ గడప దాటలేకపోతున్న పైలట్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలున్న ఇళ్లకు ఇది తెలియాల్సిన విషయం. ఈ మూడు ఊళ్లలోనూ ఎయిర్‌పోర్టు లేదు. దగ్గర్లోని పుట్టపర్తి ఎయిర్‌పోర్టు 1990 నుంచి ఉన్నా, అక్కడ దిగేవి ఎక్కువగా చార్టర్ విమానాలే. ఇక్కడి వాళ్లకి విమానం అంటే దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టే. హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే దారిలోనే జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్ ఉంది. అందుకే "పైలట్ అవుతా" అనే మాట ఇక్కడ మరీ దూరపు కలేం కాదు. కానీ ఆ కల ఖరీదు చాలా ఇళ్లలో పొలమో, ఇల్లో తాకట్టు పెట్టేంత. సంతకం పెట్టే ముందు అసలు లెక్క చూద్దాం.

కొరత ఎవరికి?

కాక్‌పిట్‌లో రెండు సీట్లుంటాయి. ఎడమ వైపు కెప్టెన్, కుడి వైపు ఫస్ట్ ఆఫీసర్. కొత్తగా లైసెన్స్ తీసుకున్న వాళ్లు కూర్చునేది కుడి సీట్లో. ఎడమ సీటు కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్స్ ఉండాలి. దానికి కనీసం 1,500 గంటలు ఎగిరి ఉండాలి. దానిపైన ఎయిర్‌లైన్స్ పెట్టుకునే షరతులు వేరే.

2025 డిసెంబరులో ఇండిగో సంక్షోభం గుర్తుందిగా? పైలట్ల విశ్రాంతిపై కొత్త నిబంధనలు వచ్చాక డ్యూటీలు సర్దలేక, డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అప్పుడు బయటకొచ్చిన లెక్క చూడండి. కొత్త నిబంధనల ప్రకారం ఇండిగో ఏ320 విమానాలకి కావాల్సిన కెప్టెన్లు 2,422 మంది, ఉన్నది 2,357 మంది. అంటే 65 మంది తక్కువ. ఫస్ట్ ఆఫీసర్లు కావాల్సింది 2,153 మంది, ఉన్నది 2,194 మంది. అంటే 41 మంది ఎక్కువ.

దేశమంతా పైలట్ల కొరత గురించి మాట్లాడుకున్న ఆ వారంలో కూడా కుడి సీట్లో కొరత లేదు. కొరత ఎడమ సీట్లోనే. టీవీలో "కొరత" అని విని మనం పిల్లల్ని చేరుస్తున్నది కుడి సీటు కోసం ఉన్న క్యూలోకి.

క్యూ ఎంత పొడుగు?

కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్ రావాలంటే 200 గంటలు ఎగరాలి. డీజీసీఏ పెట్టే నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్ పరీక్షల్లో ఒక్కోదాంట్లో 70 శాతం మార్కులు రావాలి. రేడియో లైసెన్స్, మెడికల్ అదనం.

2022లో డీజీసీఏ 1,165 సీపీఎల్‌లు ఇచ్చింది. 2023లో ఆ సంఖ్య 1,622కి పెరిగింది. లైసెన్స్ ఇచ్చేది డీజీసీఏ, ఉద్యోగం ఇచ్చేది ఎయిర్‌లైన్స్. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. పైగా 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. అలా ఆగినప్పుడల్లా అనుభవం ఉన్న వాళ్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తారు. ఎయిర్‌బస్ ముందే నడిపిన గో ఫస్ట్ పైలట్ ఎదురుగా ఉంటే, 200 గంటల ఫ్రెషర్‌ని ముందు పిలవరు కదా.

ఏటీఆర్ నడిపితే సరిపోదా?

పెద్ద సంస్థలో చోటు దొరక్కపోతే చాలామంది ప్రాంతీయ సంస్థల వైపు చూస్తారు. అక్కడ ఎక్కువగా ఉండేవి ఏటీఆర్ 72 విమానాలు. రెండు ప్రొపెల్లర్లు, డెబ్బైకి అటూ ఇటూ సీట్లు. కడప లాంటి ఊళ్లకి తిరిగేవి ఇవే. రోజుకి నాలుగైదు ల్యాండింగ్‌లు, చిన్న రన్‌వేలు, వానలో, గాలిలో పని. అనుభవం గట్టిదే.

కానీ పెద్ద ఎయిర్‌లైన్స్ లెక్క వేరు. కారణాలు మూడు.

ఒకటి, టైప్ రేటింగ్. కారు లైసెన్స్ ఉంటే ఏ కారైనా నడపొచ్చు. విమానం అలా కాదు. ఏటీఆర్‌కి ఒక రేటింగ్, ఎయిర్‌బస్ ఏ320కి ఒకటి, బోయింగ్ 737కి ఇంకొకటి. మారాలంటే మళ్లీ సిమ్యులేటర్, మళ్లీ పరీక్ష, మళ్లీ లక్షల ఖర్చు.

రెండు, జెట్ గంటలు. ఏటీఆర్ టర్బోప్రాప్. అనుభవం ఉన్న పైలట్ల కోసం ఇచ్చే ప్రకటనల్లో చాలాసార్లు జెట్ మీద ఇన్ని గంటలు, అదే రకం విమానం మీద ఇన్ని గంటలు అని అడుగుతారు. అక్కడ టర్బోప్రాప్ గంటల విలువ సగంలో ఆగిపోతుంది.

మూడు, సీనియారిటీ. పైలట్ ఉద్యోగంలో జీతం, ప్రమోషన్, రూటు అన్నీ ఆ సంస్థలో చేరిన తేదీ చుట్టూ తిరుగుతాయి. ఏటీఆర్ మీద కెప్టెన్‌గా చేసిన మనిషి కూడా కొత్త సంస్థలో జెట్‌కి మారితే, సాధారణంగా మళ్లీ కుడి సీట్లో కింది నుంచే మొదలెట్టాలి. నలభై ఏళ్ల వయసులో, ఇంటి ఈఎంఐ నడుస్తుండగా ఆ నిర్ణయం తేలిక కాదు.

మన తెలుగు సంస్థల కథ

ఇది మన దగ్గర రెండుసార్లు జరిగింది. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలైంది. ఎంబ్రేయర్ జెట్లు నడిపింది. 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. అప్పటికి దేశంలో ఆ రకం విమానాలతో షెడ్యూల్డ్ సర్వీసులు నడిపే సంస్థ ఇంకొకటి లేదు. అంటే పైలట్ దగ్గర రేటింగ్ ఉంది, దానికి తగ్గ విమానమే లేదు.

రెండోది హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో మొదలైన ట్రూజెట్. ఏటీఆర్‌లు నడిపింది. ఉడాన్ పథకం మొదలైన రోజు, 2017 ఏప్రిల్ 27న కడప-హైదరాబాద్ సర్వీసు ఎగిరింది ట్రూజెట్ పేరు మీదే. రాయలసీమకి అదో పెద్ద రోజు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా ఆగిపోయింది.

తప్పు పైలట్లది కాదు. ఉడాన్ రూట్లకి ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం మూడేళ్లే. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. సాయం గడువు దాటాక కూడా నిలబడినవి 54 మాత్రమే. రూటు మీద ఆధారపడిన సంస్థ, సంస్థ మీద ఆధారపడిన పైలట్. మొదటిది ఊగితే చివరిది పడిపోతుంది.

ఆఫర్ వచ్చినా వెంటనే వెళ్లలేరు

2017లో డీజీసీఏ నోటీసు పీరియడ్ పెంచింది. కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు. ప్రయాణికులు ఇబ్బంది పడకుండా అన్నది ప్రభుత్వ వాదన. పైలట్ల వైపు నుంచి చూస్తే, ఈరోజు పిలిచిన సంస్థ ఏడాది దాకా ఆగుతుందా అన్నది ప్రశ్న. పాత సంస్థ నుంచి ఎన్‌ఓసీ రావాలి. ట్రైనింగ్ ఖర్చు కింద రాసిచ్చిన బాండ్ ఉంటే అది కూడా తీర్చాలి.

ఇంకోవైపు పెద్ద సంస్థలు క్యాడెట్ ప్రోగ్రామ్‌లు పెట్టుకున్నాయి. ఇంటర్ అయిన పిల్లల్ని ముందే ఎంపిక చేసి, సొంత పద్ధతిలో తయారు చేసుకుంటాయి. ఖర్చు సుమారు కోటి రూపాయలు, అది కట్టేది కుటుంబమే. కుడి సీట్లలో కొన్ని అలా ముందే నిండిపోతాయి. సొంతంగా సీపీఎల్ చేసిన వాళ్లకి, ప్రాంతీయ సంస్థల వాళ్లకి మిగిలేవి మిగతావే.

అమెరికాలో పద్ధతి వేరు. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత అక్కడ ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌కి కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలన్న రూలు 2013లో అమల్లోకి వచ్చింది. అక్కడ ప్రాంతీయ సంస్థ అంటే పెద్ద సంస్థకి మెట్టు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత ప్రాంతీయ సంస్థల నుంచి సీనియారిటీ ప్రకారం పైకి వెళ్లే ఒప్పందాలున్నాయి. మన దగ్గర ఒకే సంస్థలో ఏటీఆర్, ఎయిర్‌బస్ రెండూ ఉన్నచోట మాత్రమే అలాంటి దారికి అవకాశం. విడి ప్రాంతీయ సంస్థలో ఉన్న వాళ్లకి మెట్టు కట్టి లేదు.

ఖాళీగా ఉంటే ఇంకో ఖర్చు

లైసెన్స్ బీరువాలో పెట్టుకుంటే పని చేయదు. 40 ఏళ్ల లోపు వాళ్లకి కూడా ఏటా మెడికల్, ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ ఉంటాయి. ఉద్యోగం ఉంటే సంస్థ చూసుకుంటుంది. లేకపోతే జేబులోంచే. ఎగరని నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూలో ప్రశ్నలూ పెరుగుతాయి.

డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

1. ముందు మెడికల్, తర్వాతే ఫీజు. క్లాస్-2, ఆ తర్వాత క్లాస్-1. బెంగళూరులోని వైమానిక దళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి కేంద్రాల్లో క్లాస్-1 చేస్తారు. రంగుల చూపులో తేడా ఉంటే కోటి పెట్టాక తెలియడం కంటే ముందే తెలియడం మంచిది.

2. స్కూల్ పేరు డీజీసీఏ జాబితాలో ఉందా? 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకి డీజీసీఏ గ్రేడ్‌లు ఇస్తోంది. తొలి జాబితాలో పై రెండు గ్రేడ్‌లలో ఒక్క స్కూల్ కూడా లేదు. 200 గంటలు పూర్తవడానికి నిజంగా ఎన్ని నెలలు పడుతోందో పాత విద్యార్థుల్ని అడగండి.

3. మొత్తం ఖర్చు ఎంత? సీపీఎల్‌కి అరకోటి దాటుతుంది. టైప్ రేటింగ్‌కి విడిగా 15-20 లక్షల దాకా అవుతుంది. లైసెన్స్ వచ్చాక ఉద్యోగం లేకుండా రెండేళ్లు గడిస్తే ఈఎంఐ ఎవరు కడతారన్నది కూడా ఆ లెక్కలోనే వేయండి.

4. "ఉద్యోగం గ్యారంటీ" అంటున్నారా? ఏ సంస్థలో, ఏ షరతు మీద అన్నది కాగితం మీద అడగండి. ఎయిర్‌లైన్స్ నేరుగా సంతకం పెట్టిన పత్రం లేకపోతే అది గ్యారంటీ కాదు.

5. ప్రాంతీయ సంస్థలో చేరుతుంటే బాండ్ ఎన్నేళ్లు, ఎంత మొత్తం, సంస్థే మూతపడితే బాండ్ సంగతేంటి? చేరే రోజే చదవండి.

6. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే డిగ్రీ పూర్తి చేసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఉంటే గంటలు కూడా పెరుగుతాయి, జీతమూ వస్తుంది.

ఇండిగో 2023లో ఒకేసారి 500 విమానాలు, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ చేశాయి. అవి వస్తున్నకొద్దీ సీట్లు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. అనుమానం అంతా మన పిల్లల వంతు వచ్చేదాకా ఇల్లు ఆగగలదా అన్నదే. కాబట్టి ఈసారి "పైలట్ల కొరత" అనే హెడ్‌లైన్ కనబడితే, ఏ సీట్లో కొరత అని ముందు అడగండి.