ఎద్దు, బొగ్గు, ఎండ

పాపఘ్ని నది పెన్నలో కలియు చోటికి చేరువగా కమలాపురము కలదు. కడప నుండి ఎర్రగుంట్ల మీదుగా గుంతకల్లు పోవు రైలుదారి ఈ ఊరిని తాకుచు సాగుచున్నది. రాజుల దండయాత్రలను గూర్చి చెప్పునప్పుడు కమలాపురము పేరు తరచుగా వినబడదు. కాని మానవుడు నీరు తోడుటకును, బరువు మోయుటకును ఏ యే శక్తులను ఆశ్రయించినాడో తెలిసికొనగోరు శ్రోతలకు ఈ ప్రాంతము మంచి పాఠము చెప్పగలదు. ఆ పాఠమునే మేము ఇక్కడ సంగ్రహముగా విన్నవించుచున్నాము.

మొదటిది ఎద్దుల కాలము. సీమలో బావి ఉన్న ప్రతి చేనిలోను కపిలె ఉండెడిది. ఎడ్లు ఏటవాలు బాటలో దిగుచుండగా మోకు బిగిసి, తోలుబాన నీటితో పైకి వచ్చి కాలువలో కుమ్మరించును. ఎడ్లు తిరిగి వెనుకకు ఎక్కును. దినమంతయు ఇదే పని. దీనికి బొగ్గు అక్కరలేదు, నూనె అక్కరలేదు. చొప్పయే ఇంధనము. అయితే కరవు వచ్చి చొప్ప కరవైన యేట, నీరు మిక్కిలి అవసరమైన ఆ యేటనే, ఎడ్లు డస్సిపోయెడివి. పాత కాలమును పొగడునప్పుడు ఈ సంగతిని మరువరాదు.

రెండవ ప్రయత్నము నీటిదారి. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ వారు సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుండి కడప వరకు కాలువ త్రవ్వ నారంభించినారు. దాని పొడవు సుమారు 306 కిలోమీటర్లు. సాగునీటితోపాటు పడవల రాకపోకలు కూడ ఆ కాలువ ఉద్దేశము. అందుకే దానికి లాకులు అమర్చినారు. రైలుకంటె నీటిదారియే ఈ దేశమునకు చౌక అని సర్ ఆర్థర్ కాటన్ జీవితమంతయు వాదించినాడు. ఆ వాదములో శాస్త్రము ఉన్నది. గతుకుల బాటపై బండిచక్రమును అడ్డగించునంత రాపిడి నిలుకడ నీటిపై పడవకు ఉండదు. కావున గట్టుమీద నడచుచు త్రాటితో లాగినను, బండి మోయలేని బరువును పడవ సునాయాసముగా మోయును.

మరి ఆ పడవలు ఏమైనవి? కాలువను సముద్రము వరకు కొనిపోవలెనన్న తలంపు నెరవేరలేదు. నడుమ ఆగిన దారికి సరకు రాదు. పెట్టుబడికి తగిన రాబడి లేక కంపెనీ కుంటువడగా, 1882లో ప్రభుత్వము కాలువను కొనవలసివచ్చినది. 1933 నాటికి అది కేవలము సాగునీటి కాలువగా మిగిలినది. దారి ఎంత చౌకయైనను, అది జనులు పోవలసిన చోటికి పోకపోయినచో నిలువదని ఈ కథ చెప్పుచున్నది.

మూడవది బొగ్గు. మద్రాసు రైల్వే వారి వాయవ్య మార్గము 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చిన మార్గముతో కలిసినది. కమలాపురము ఆ దారిలోని స్టేషనే. తొలినాళ్లలో ఈ ఇంజన్లు బొగ్గుతోపాటు వంటచెరకును కూడ విస్తారముగా మండించినవి. రైలు వలన అడవులకు కలుగుచున్న నష్టమును గూర్చి అటవీశాఖాధికారి హ్యూ క్లెగ్‌హార్న్ ఆనాడే హెచ్చరించినాడు. తరువాత సింగరేణి బొగ్గు వచ్చినది. ఆవిరి ఇంజను ఘనమైనదే, కాని దుబారా చేయునది. మండిన బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్లు కూడ చక్రములకు చేరెడివి కావు. మిగిలినది పొగగొట్టము ద్వారా ఆకాశము పాలయ్యెడిది.

ఈ దారిలోనే, కడపకు ఆవల, చెయ్యేటి ఒడ్డున నందలూరు కలదు. అక్కడి ఇంజన్ల షెడ్డు ఒకప్పుడు ఎందరో కుటుంబములకు అన్నము పెట్టినది. డీజిలు వచ్చినది, దేశములో బ్రాడ్‌గేజి ఆవిరి బండ్లు 1995తో సెలవు తీసికొన్నవి. షెడ్డు మూతపడినది, ఊరి సందడి సన్నగిల్లినది. మార్పు మంచిదే. కాని దాని లెక్కలో ఇంధనపు ఖర్చు ఉన్నదేగాని నందలూరు లేదు.

నేడు ఈ దారిపై విద్యుత్ తీగలు సాగినవి. విద్యుత్ ఇంజను తన ఇంధనమును తాను మోయనక్కరలేదు. వేగము తగ్గించునప్పుడు కొంత విద్యుత్తును తిరిగి తీగలకే ఇయ్యగలదు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రము దొర్లుటలో రాపిడి స్వల్పము. కావున లారీ మోయు సరకును రైలు మోయుట దేశమునకు లాభము. బావుల వద్ద కూడ ఇదే క్రమము నడచినది. కపిలె పోయి ఆయిలింజను వచ్చినది. అదియు పోయి కరెంటు మోటారు వచ్చినది.

అయితే ఆ కరెంటు ఎక్కడిది? ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. ఎర్రగుంట్ల మండలములోని కలమల్ల వద్ద 1994 నుండి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము పనిచేయుచున్నది. 2018 నాటికి దాని సామర్థ్యము 1,650 మెగావాట్లకు పెరిగినది. బొగ్గు దూరప్రాంతములనుండి రైలుపెట్టెలలో వచ్చును. నీరు పెన్నపైనున్న మైలవరము జలాశయమునుండి వచ్చును. ఇంజనులో ఆరిన నిప్పు కలమల్లలో మండుచున్నది. నిప్పు చోటు మారినది, అంతే. పైగా కరవు నేల తన తాగునీటిలో, సాగునీటిలో ఒక పాలు దానికి పంచి ఇచ్చినది.

ఇక నాల్గవది, మన కండ్లయెదుటనే జరుగుచున్నది, ఎండ. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల వద్ద 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తియైనది. కడప జిల్లాలో ఆ మైలవరము మండలముననే మరియొక పార్కు తలపెట్టగా, అందులో 250 మెగావాట్లు 2020లో పనిచేయ నారంభించినవి. బొగ్గునకు నీరిచ్చిన మైలవరమే నేడు ఎండను కూడ ఇచ్చుచున్నది. ఈ పలకలకు కడుగుటకు తప్ప నీరు అక్కరలేదు. సీమను కాల్చుచున్నదని మనము తిట్టుకొనిన ఎండయే సీమకు ఆస్తియైనది.

రాత్రి మాటయేమి అని శ్రోతలు అడుగవచ్చును. అందుకే కర్నూలు సీమలోని పిన్నాపురము వద్ద 2022లో పెద్ద పనికి శంకుస్థాపన జరిగినది. పగటి కరెంటుతో నీటిని ఎగువ జలాశయమునకు ఎక్కించి, రాత్రి దానిని దిగువకు వదలి కరెంటు తీయుదురు. కపిలె ఎడ్లు నీటిని పైకెక్కించినట్లే ఎండ నీటిని పైకెక్కించుననుకొనవచ్చును.

ఈ చరిత్రనుండి మనము రెండు ప్రశ్నలు నేర్చుకొనవలెను. క్రొత్త బండి వచ్చినప్పుడు, దాని నిప్పు ఆరినదా, చోటు మారినదా అన్నది మొదటిది. పాత పనివాని గతి యేమి అన్నది రెండవది. పలకలు పరచిన నేలపై నిన్నటివరకు గొర్రెలు మేపుకొనిన వారున్నారు. కలమల్లలో బొగ్గుపై బ్రదుకుచున్న కార్మికులున్నారు. ఒకనాడు ఆ కొలిమి చల్లారక తప్పదు. ఆనాడు వారికి క్రొత్త పని దొరకవలెనన్నచో, ఆ పనిని నేర్పుట కొలిమి వెలుగుచున్న ఈనాడే మొదలుకావలెను. నందలూరునకు ఆ అవకాశము దొరకలేదు. కలమల్లకు ఇంకను ఉన్నది.