నీటి గొట్టాలు గడ్డకట్టి పగలడం

శీతల ప్రాంతాలలో ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటే బాగా తగ్గినపుడు ఇళ్ళలోని గొట్టాలలో నీరు గడ్డకట్టి, గొట్టాలు పగిలిపోతుంటాయి. చలి నుండి తగిన రక్షణ లేని పాత ఇళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. నల్గొండ జిల్లాలోని పెద్దవూర వంటి మైదాన ప్రాంతాలలో ఇంతటి చలి ఉండదు. కనుక అక్కడినుండి శీతల దేశాలకు వెళ్ళినవారికి ఈ సమస్య కొత్త.

కారణం

నీరు మంచుగా మారినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచుగడ్డకు, మూసివున్న కుళాయికి మధ్య చిక్కిన నీటిలో పీడనం పెరిగి గొట్టం చీలుతుంది. మంచు కరిగేవరకు చీలిక బయటపడకపోవచ్చు.

టెక్సస్, 2021

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో మంచు తుఫాను వలన లక్షలాది ఇళ్ళకు విద్యుత్తు నిలిచిపోయింది. ఇళ్ళను వెచ్చగా ఉంచే యంత్రాలు ఆగిపోయి, తెలుగువారు అధికంగా నివసించే డాలస్ ప్రాంతంతో సహా అనేకచోట్ల గొట్టాలు పగిలాయి.

జాగ్రత్తలు

* ఇంటి ప్రధాన వాల్వు ఎక్కడ ఉందో ముందే తెలుసుకోవాలి. గొట్టం పగిలితే మొదట దానిని మూసివేయాలి.
* తీవ్రమైన చలి రాత్రులలో కుళాయిని సన్నని ధారగా వదలాలి.
* గడ్డకట్టిన గొట్టాన్ని కుళాయి తెరచి, కుళాయి వైపునుండి వేడినీటి గుడ్డలతో నెమ్మదిగా వెచ్చచేయాలి. మంటను ఉపయోగించరాదు.
* నీరు నిలిచినచోట విద్యుత్ పరికరాలను తాకరాదు.