మంద వైద్యం, గొడ్డు వైద్యం

తిరుపతి కాలేజీలో నేను చదివింది ఒక్క గొడ్డుకు చేసే వైద్యం. కర్నూలు, కడప జిల్లాల్లో ఉద్యోగం పొడుగునా చేసింది ఎక్కువగా మందకు చేసే వైద్యం. ఈ రెంటికీ పేచీ నాతో మొదలైంది కాదు. రాయలసీమలో పశువుల డాక్టరనే ఉద్యోగం పుట్టిన నాటి నుంచీ ఉంది. రైతు తన ఎద్దును పట్టుకుని ఆస్పత్రి వాకిట్లో నిలబడి ఉంటాడు. సర్కారేమో టీకాల పెట్టె చేతికిచ్చి ఊళ్లు తిరిగి రమ్మంటుంది.

డాక్టరు రాకముందు ఊళ్లో వైద్యం లేదని కాదు. వెదురు గొట్టంతో కషాయం పోసేవాళ్లు, కీలు వాస్తే వాత పెట్టేవాళ్లు, విరిగిన కాలికి బద్దలు వేసి కట్టేవాళ్లు ప్రతి ప్రాంతంలోనూ ఉండేవాళ్లు. గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ, గాలికుంటు అని జబ్బుల్ని విడివిడిగా గుర్తుపట్టేవాళ్లు. వీటన్నిటినీ మించింది పెద్దరోగం, పుస్తకాల్లో రాసే ముసర వ్యాధి. గొడ్డుకు జ్వరం కాసేది, కళ్లు పుసులు కట్టేవి, చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పొక్కులు లేచేవి. ఆ తర్వాత ఆగని పారుడు. చాలావరకు వారం పది రోజుల్లో గొడ్డు పోయేది. అది ఊళ్లో అడుగు పెట్టిందంటే ఏ ఒక్క ఇంటి కషాయమూ పనికిరాదని జనానికి తెలుసు. అందుకే ఊరంతా ఒక్కటయ్యేది. ఊరి ముందు అంత్రం కట్టి పశువులన్నిటినీ దాని కింద తోలేవాళ్లు, అమ్మవారికి పొలి చల్లేవాళ్లు. రోగాన్ని ఆపే శక్తి ఆ తంతుకు లేకపోవచ్చు. కానీ ఇది ఇంటి జబ్బు కాదు, ఊరి జబ్బు అన్న ఎరుక అందులో ఉంది.

ఆ ఎరుక సర్కారుకు ఆలస్యంగా వచ్చింది. కంపెనీ కాలంలో పశువైద్యమంటే ముందు సైన్యం గుర్రాలే. పశువుల అంటురోగాల మీద మద్రాసు ప్రెసిడెన్సీ 1866లో చట్టం చేసింది. హాలెన్ అధ్యక్షుడిగా ఏర్పడిన కమిషన్ దేశమంతటి పశువుల తెగుళ్ల మీద 1871లో నివేదిక ఇచ్చింది. ఆ వెనకే ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప సీమల్లో మనుషులతో పాటు గొడ్లూ కుప్పలుగా పోయాయి. వాన పడ్డాక కూడా దున్నడానికి ఎద్దు లేని చేలు మిగిలాయి. నల్లరేగడిలో పెద్దమడక సాగాలంటే ఒక్క జత చాలదు. ఎద్దు లేకపోతే సాగు లేదు, సాగు లేకపోతే శిస్తు లేదు. మా ఉద్యోగానికి పునాది జాలి మీద కాదు, ఈ లెక్క మీద పడింది.

మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో మొదలైంది. రాణిపేటలో సీరం ఇన్‌స్టిట్యూట్ 1932లో వచ్చింది. మొదట్లో ముసరకు ఆయుధం సీరమే. అది కాపాడేది కొద్ది రోజులు మాత్రమే. 1920లలో హిమాలయాల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ ముసర వైరస్‌ను మేకల్లో పదే పదే ఎక్కించి దాని పదును తగ్గించాడు. అదే మేక టీకా అయింది. ఒక్క సూది ఏళ్ల తరబడి కాపాడేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడు, 1954లో, ముసరను దేశం నుంచే పంపించే పథకం మొదలైంది. 1955 నుంచి పశువైద్య విద్యార్థులకు తిరుపతి కాలేజీ అందుబాటులోకి వచ్చింది.

నాకన్నా ముందు తరం డాక్టర్లు చెప్పగా విన్నదంతా మంచు చుట్టూ తిరిగేది. మందు కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, ఎండ తగలకూడదు. కర్నూలు ఎండల్లో థర్మాస్ ఫ్లాస్కుతో మంచు మోసుకుంటూ సైకిళ్ల మీద, ఎద్దుల బండ్ల మీద పల్లెలు చేరేవాళ్లు. గొడ్లు మేతకు వెళ్లకముందే, తెల్లవారుజామునే ఊళ్లో ఉండాలి. తీరా పోతే సగం దొడ్లు ఖాళీ. సూది వేయిస్తే పాలు తగ్గుతాయని, చూడి పోతుందని భయపడి ముందే కొండకు తోలేసేవాళ్లు. ఆ భయం ఉత్తదేమీ కాదు. మేక టీకాకు కొన్ని పశువుల్లో, ముఖ్యంగా విదేశీ జాతి సంకరాల్లో, గట్టి జ్వరమే వచ్చేది. తర్వాత ప్లోరైట్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన కణజాల టీకా వచ్చాక ఆ తంటా తగ్గింది.

చట్టం చేతిలో ఉంది, టీకా ఉంది. అయినా దొడ్డి తలుపు తెరిపించేదేదో నాకు అర్థమైంది జమ్మలమడుగు పక్క పల్లెలో, జొన్న నాము వల్ల. వాన ముఖం చాటేసి గిడసబారిన పచ్చిజొన్నలో, కోసిన మోళ్ల మీద వేసిన పిలకల్లో సైనైడు పుడుతుంది. ఆకలి మీదున్న గొడ్డు నాలుగు బుక్కలు తింటే చాలు. నేను పోయేసరికి ఎద్దు గట్టు మీద పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటోంది, నోట నురగ. కనురెప్ప తిప్పి చూశాను. ఊపిరాడని గొడ్డుకు నీలం తిరగాలి, దీనికి నిగనిగలాడే ఎరుపు. రక్తంలో ప్రాణవాయువు ఉంటుంది, ఒంటిని వాడుకోనివ్వదు ఈ విషం. మెడ నరంలోకి సోడియం నైట్రైట్ నిదానంగా, దాని వెనకే థయోసల్ఫేట్ ఎక్కించాను. ఈ థయోసల్ఫేట్ అంటే ఫోటో స్టూడియోలో ఫిల్ములు కడిగే హైపోనే. స్టూడియోలో పొట్లం కట్టించుకున్న హైపోను నీళ్లలో కలిపి, కడుపులో మిగిలిన విషానికి విరుగుడుగా నోట్లోనూ పోశాను. కాసేపటికి చెవి కదిలింది, తల ఎత్తింది, రొమ్ము మీదికి తిరిగింది.

"ఇది పోయింటే ఈ యాడు సేను బీడే సార్," అన్నాడు ఆ పెద్దాయన. ఇంకేం అనలేదు. ఆ చలికాలం టీకాలకు అదే ఊరికి పోతే, ఎప్పుడూ ఖాళీగా ఉండే దొడ్ల ముందు గొడ్లు వరసగా కట్టేసి ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి కట్టించింది ఆయనే.

పెద్దరోగం చివరి అధ్యాయం ఇంకా విచిత్రం. టీకాలు ఆపేశాక, రోగం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని వెతుకులాట మొదలైంది. ఊరూరూ తిరిగి, సంతల్లో నిలబడి, "నోట్లో పుండ్లు పడి పారుకున్న గొడ్డు ఏదైనా ఉందా?" అని అడిగేవాళ్లం. లేదన్న జవాబును కాగితం మీద రాసి పంపేవాళ్లం. రక్తం తీసి పరీక్షకు పంపితే, జబ్బు లేని గొడ్డుకు ఈ సూదెందుకని రైతులు తగువేసుకునేవాళ్లు. గొర్రెల్లో పారుడు కనిపిస్తే మరింత గందరగోళం. అచ్చం ముసరలాగే ఉండే పి.పి.ఆర్. అనే మరో జబ్బు 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. అది దేశంలో మొదటి కేసు. 2006లో భారతదేశానికి ముసర నుంచి విముక్తి పొందిన గుర్తింపు దక్కింది. 2011లో ప్రపంచమంతటా ఆ రోగం లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు అది.

రోగం పోయేలోపు ఎద్దూ వెనకబడింది. 2002 లాంటి కరువు ఏళ్లలో మేత లేక అమ్మినవాళ్లు మళ్లీ కొనలేదు, దుక్కికి ట్రాక్టరు వచ్చింది. "అమ్మేదా, ఇంకో నెల సాకేదా సార్?" అని రైతు అడిగితే ఏ పుస్తకంలోనూ జవాబు ఉండదు. ఈ ఉద్యోగంలో నన్ను ఎక్కువగా నలిపింది రాత్రిపూట ఈతలు కాదు, ఆ ప్రశ్న. ఇప్పుడు పత్తికొండ, రాయచోటి వైపు మా పని గొర్రెలే. గొర్రెల కాపరికి మంద లెక్క మాకన్నా బాగా తెలుసు. తొలకరికి ముందే చిటుకు రోగం సూదులకు ఆయనే ఫోన్ చేస్తాడు. ఒక్క గొడ్డు కోసం రాత్రి ఫోన్ చేసేది ఇప్పుడు పాడిగేదె ఇంటివాళ్లు, కర్నూలు టౌన్లో కుక్కల్ని పెంచేవాళ్లు.

2008లో ప్రొద్దుటూరులోనూ పశువైద్య కళాశాల వచ్చింది. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలకు నెలవారీ ఫారాల్లో ఎన్ని టీకాలు వేశారనే గడి కనిపిస్తుంది. అర్ధరాత్రి అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన దానికి గడి ఉండదు. నా అనుభవంలో మొదటి గడి నిండేది ఆ రెండో పని వల్లే. రోగాన్ని తరిమింది టీకానే గానీ, ఆ టీకాను దొడ్లోకి రానిచ్చింది మాత్రం ఎప్పుడో ఒకనాడు బతికిన ఒక ఎద్దు పేరున రైతు పెట్టుకున్న నమ్మకం. డాక్టరు రోజునంతా లక్ష్యాలతో నింపేసి ఒక్క గొడ్డుకు తీరిక లేకుండా చేస్తే, రేపు ఇంకో పెద్దరోగం వచ్చినప్పుడు ఆ దొడ్లు మళ్లీ ఖాళీగానే కనిపిస్తాయి.