మన మీదుగా పోయిన యుద్ధ విమానాలు: చర్లపల్లి ఆకాశం చెప్పే చరిత్ర

ఇయ్యాల విత్తనాల ముచ్చట కాదు, ఎరువుల ముచ్చట కాదు. జర పొడుగు పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

మనం తల ఎత్తి ఆకాశం దిక్కు చూసేది మబ్బు కోసం. మబ్బు కాకపోతే పంట మీద వాలే పిట్టల కోసం. కానీ హైదరాబాద్ తూర్పున ఉన్న మన చర్లపల్లి, నాచారం, ఉప్పల్ దిక్కు ఉన్నోళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది. గుయ్యిమని చప్పుడు రాంగనే తల పైకి లేస్తది. ఎందుకంటే మనకు సరిగ్గా పడమర బేగంపేట విమానాశ్రయం ఉంది. వాయవ్యాన పదిహేను కిలోమీటర్ల లోపే హకీంపేట వైమానిక స్థావరం ఉంది. అదే దిక్కుకు ఇంకా ముందుకు పోతే దుండిగల్. సైనిక విమానం మనకు వింత కాదు, ఇంటి మీదుగా పోయే చుట్టం లెక్క.

ఈ విమానాల చరిత్ర వెతికి చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఏ కాలంలో పైన ఎవరి విమానం ఎగిరిందో చూస్తే, ఆ కాలంలో కింద భూమి ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతది. అదెట్లనో వరసగా చెప్తా.

మొదటి ముచ్చట 1918ది. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. మన దగ్గర ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన. బ్రిటిషోళ్లకు సాయంగా ఆయన ఒక పూర్తి విమాన దళానికి డబ్బు ఇచ్చాడు. అదే 110 స్క్వాడ్రన్. ఆ దళం డీహెచ్-9ఏ అనే రెండు రెక్కల అంతస్తుల బాంబు విమానాలతో 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరి, అక్కడి నుంచి జర్మనీ ఊళ్ల మీద పగటి పూటనే బాంబులు వేసింది. ప్రతి విమానం మీద ఇది హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక అని రాసి ఉండేది. అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పడ్డది.

ఆ విమానాల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నంబర్ ఎఫ్1010. 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో మళ్లీ ఇంగ్లండ్‌కు వచ్చింది. ఇప్పుడు లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ డబ్బు ఎక్కడిది? అప్పట్లో సంస్థానానికి పెద్ద రాబడి భూమి శిస్తే. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లను అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా అనేవాళ్లు. అది సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత జాగ. ఆ శిస్తు సర్కారు ఖజానాకు కాదు, నేరుగా నిజాం సొంత ఖర్చుకే పోయేది. ఇంకో సంగతి చూడండి. 1918 అంటే దేశమంతటా వానలు ఘోరంగా ఎగ్గొట్టిన సంవత్సరం. దాని వెనకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. కరువుల ఉన్న రైతు శిస్తు కడితే, దాని పేరు మీద విమానం జర్మనీలో ఎగిరింది. కట్టినోడు మాత్రం విమానం ఎట్లుంటదో కూడా చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఇదే కథ. నిజాం డబ్బుతో నిలబడ్డ 152 స్క్వాడ్రన్‌కు, 253 స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. 1940లో ఇంగ్లండ్ మీదికి జర్మన్ విమానాలు వచ్చినప్పుడు 152 వాళ్లు స్పిట్‌ఫైర్లతో, 253 వాళ్లు హరికేన్లతో కొట్లాడారు. 152 దళం గుర్తులో నిజాం తలపాగా బొమ్మ ఉంది. దాని కింద నమ్మకమైన మిత్రుడు అనే అర్థం వచ్చే మాట ఉంది. ఇంగ్లండ్ ఆకాశంలో మన ఊరి రాజు తలపాగా తిరిగిందన్నమాట.

అదే యుద్ధంలో తెలుగు నేల మీదికి శత్రు విమానం కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ల ర్యూజో అనే నౌక మీద నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. కోస్తా దిక్కు పెద్దలు జపానోడి బాంబు అని ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట అదే.

ఇక అసలు ముచ్చటకు వద్దాం. 1948.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటింది. నిజాం ఇంకా విడిగా ఉంటానంటున్నాడు. ఊళ్లలో రజాకార్లు. నల్లగొండ, వరంగల్ దిక్కు భూమి కోసం రైతుల సాయుధ పోరాటం. ఆ ఎండాకాలం, వానాకాలం రాత్రిళ్లు కొన్ని పెద్ద విమానాలు చీకట్లో వచ్చి పోయేవి. అవి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడివి. లాంకాస్ట్రియన్ అనే నాలుగు ఇంజన్ల విమానాల్లో కరాచీ నుంచి తుపాకులు, మందుగుండు నింపుకుని వచ్చి బీదర్, వరంగల్ విమాన మైదానాల్లో దింపేవాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ఆయన మీద కేసు నడిచి జరిమానా కూడా పడ్డది.

1948 సెప్టెంబర్ 13, సోమవారం. భారత సైన్యం నాలుగు దిక్కుల నుంచి సంస్థానంలోకి దిగింది. షోలాపూర్ దిక్కు నుంచి పెద్ద దండు. తూర్పున విజయవాడ రోడ్డు మీదుగా ఇంకో దండు. మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా మన దిక్కుకే వచ్చింది. ఆ దండులకు పైనుంచి కాపలాగా వచ్చినవే టెంపెస్ట్ విమానాలు.

టెంపెస్ట్ అంటే జెట్ కాదు, ముందు పంఖా తిరిగే ఒంటి ఇంజన్ విమానం. ఒకే మనిషి నడుపుతాడు. రెక్కల్లో నాలుగు ఫిరంగి తుపాకులు. దాని ఇంజన్‌కు 18 సిలిండర్లు, 2500 హార్స్‌పవర్ పైమాట. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లు 50 ఒక్కసారి గట్టిగా ఎక్సలేటర్ తొక్కితే ఎంతో, అంత. కరెంటు లేని, మోటర్ సైకిలే అరుదైన రోజుల్లో, వానాకాలం పంట పొలం మీద ఉన్నప్పుడు, ఆ చప్పుడు చెట్ల పైనుంచి పోతే మనిషి గుండె, పశువు గుండె రెండూ ఆగినంత పని అయి ఉంటది.

నిజాం దగ్గర ఎదురు లేచి కొట్లాడే యుద్ధ విమానాలు లేవు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండ్‌ను కాపాడడానికి దళాలకు దళాలు కొనిచ్చిన రాజుకు, సొంత ఆకాశంలో ఎదురు నిలబడే విమానం ఒక్కటి లేదు. సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం చేతులెత్తేశాడు. 18న ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరి ముందు లొంగిపోయాడు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. మన పెద్దలు దీన్నే పోలీస్ యాక్షన్ అంటారు.

ఆ విమానాలను చూసి చేతులూపిన ఊళ్లు ఉన్నాయి. తలుపులు మూసుకుని వణికిన ఇళ్లూ ఉన్నాయి. రెండూ నిజమే. ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యల గురించి విచారించడానికి నెహ్రూ సర్కారే సుందర్‌లాల్ కమిటీని పంపింది. అట్లనే, రజాకార్లను అణిచిన సైన్యమే తర్వాత భూమి కోసం కొట్లాడే రైతు సంఘాల మీదికి మళ్లింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అది నడిచింది. చరిత్ర చెప్పేటప్పుడు మనకు నచ్చిన సగం చెప్పి ఊకుంటే న్యాయం కాదు.

కానీ భూమి సంగతి మాత్రం మారింది. ఏడాది తిరగకముందే, 1949లో సర్ఫెఖాస్ సర్కారులో కలిసిపోయింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. మన చుట్టుపక్కల రైతు కట్టిన శిస్తు మొదటిసారి రాజు జేబుకు కాకుండా సర్కారు ఖజానాకు పోయింది. పైన విమానం మారింది, కింద పహాణీ మారింది.

ఆ తర్వాత మన ఆకాశం బడి అయింది. 1967 అక్టోబర్ 11న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి పునాది వేశారు. 1971 నుంచి అక్కడ శిక్షణ మొదలైంది. దేశంలో వైమానిక దళ అధికారి కావాలంటే ఈ గడ్డ మీద నేర్చుకోవాల్సిందే. హకీంపేటలో కిరణ్ జెట్లు, హెలికాప్టర్లు. కిరణ్ మన దేశంలో, బెంగళూరులో తయారైనది. 1975 తర్వాత పోలండ్ నుంచి ఇస్క్రా జెట్లు వచ్చాయి. వాళ్ల భాషలో ఇస్క్రా అంటే నిప్పురవ్వ. అవి 2004 దాకా ఎగిరాయి. 2013 నుంచి దుండిగల్‌లో స్విట్జర్లాండ్ పిలాటస్ విమానాలు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు పంఖా ఉండి, బుర్‌మని ఒకే తీరు చప్పుడుతో పోతే పిలాటస్. పంఖా లేకుండా ఈల లెక్క సన్నగా మొదలై మీదికొచ్చినంక ఉరిమితే జెట్. జెట్‌ను చప్పుడు వచ్చిన కాడ చూస్తే కనబడదు, దానికి ముందు చూడాలె. మెరుపు ముందు, ఉరుము తర్వాత అన్నట్టే ఇదీ. చప్పుడు కిలోమీటరు రావడానికి దగ్గర దగ్గర మూడు సెకన్లు పడతది. మూడు కిలోమీటర్ల దూరంలో, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం, దాని చప్పుడు మన చెవిన పడేసరికి ఇంకో కిలోమీటరు దాటిపోయి ఉంటది.

ఈ బడిలో చదివిన పిల్లల్లో ముగ్గురి పేర్లు మన ఆడపిల్లలకు చెప్పాలె. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. 2016 జూన్ 18న దుండిగల్‌లో దేశానికి మొట్టమొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా చేరారు. హకీంపేటలో కిరణ్ జెట్ల మీద నేర్చుకున్నారు. అంటే ఆ రోజుల్లో మన తల మీదుగా పోయిన జెట్లలో ఒకటి వాళ్లదై ఉండొచ్చు. నాట్లు, కలుపు, కోత అన్నీ ఆడవాళ్లే చేసే ఊళ్లలో ఇది వింత అనుకోవద్దు.

బడి అన్నంక దెబ్బలు తగులుతాయి. ఇక్కడ దెబ్బ అంటే ప్రాణం. 2009 జూలైలో దీపక్ అనే శిక్షణ విమానం మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత దీపక్ విమానాలన్నీ పక్కన పెట్టేశారు. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నేవీ వాళ్ల సాగర్ పవన్ జట్టు విమానం బోయిన్‌పల్లిలో ఇంటి మీద కూలింది. పైలట్లు ఇద్దరూ పోయారు. 2018 నవంబర్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కిరణ్ కూలితే పైలట్ పారాచూట్‌తో బతికాడు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర రావెల్లిలో పిలాటస్ కూలి, నేర్పే గురువు, నేర్చుకునే శిష్యుడు ఇద్దరూ పోయారు.

విమానం పడ్డ చోట మొదట ఉరికేది మనమే, ఎందుకంటే అది పడేది పొలాల్లోనే. అందుకని రెండు మాటలు. మనిషి బతికి ఉంటే కాపాడండి, 112కు ఫోన్ చేయండి. ముక్కలు మాత్రం ముట్టుకోవద్దు, ఇంటికి తెచ్చుకోవద్దు. పైలట్ కుర్చీని పైకి ఎగరేసే మందుగుండు పేలకుండా మిగిలి ఉండొచ్చు. ఎందుకు కూలిందో తేల్చేది కూడా ఆ ముక్కలే. ఇంకోటి, రన్‌వే చుట్టుపక్కల ఊళ్లోళ్లు చచ్చిన కోళ్లు, పశువులు బయట పడేయొద్దు. వాటికి గద్దలు చేరితే జెట్ ఇంజన్‌లోకి పోతాయి. మన నిర్లక్ష్యానికి పైన ఇరవై ఏళ్ల పిల్లగాడు బలి కావొద్దు.

ఇప్పటి సంగతి. 2024 డిసెంబర్ 8న సూర్యకిరణ్ జట్టు తొమ్మిది హాక్ జెట్లతో ట్యాంక్‌బండ్ మీద విన్యాసాలు చేసింది. చూసినోళ్లకు ఇంకా కళ్లల్లో ఉంటది. మనకు దక్షిణాన ఆదిబట్లలో టాటా వాళ్ల కార్ఖానాల్లో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల శరీరాలు, సీ-130 రవాణా విమానాల తోక భాగాలు తయారై వేరే దేశాలకు పోతున్నాయి. 1918లో మన శిస్తుతో కొన్న విమానం మనకు కనబడలేదు. ఇయ్యాల మన పిల్లల చేతులు బిగించిన బోల్టు ఏ దేశం ఆకాశంలో, ఏ ఊరి మీద ఎగురుతదో మనకు తెలవది.

చర్లపల్లిలో ఇప్పుడు విమానం చూడాలంటే పొలం గట్టు కాదు, డాబా ఎక్కాలె. పొలాలు కార్ఖానాలు, గ్యాస్ డిపోలు, కాలనీలు అయినయి. పెద్ద రైల్వే టెర్మినల్ వచ్చింది. భూమి మళ్లీ చేతులు మారింది. ఈసారి పైన ఏ టెంపెస్టూ రాలేదు, చప్పుడు లేకుండా అయిపోయింది.

చివరిగా మీతో ఒక పని ఉంది. 1948లో పదేళ్ల పిల్లగాడికి ఇప్పుడు తొంభై దగ్గర. మీ ఇంట్లో, మీ వాడకట్టులో అంత వయసు తాతో అవ్వో ఉంటే ఈ వారమే కూర్చొని అడగండి. పోలీస్ యాక్షన్ నాడు విమానం చూసినవా? ఏ దిక్కు నుంచి వచ్చింది? నువ్వు ఎక్కడున్నవ్? చేన్లో ఏం పంట ఉండే? సెల్‌ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి, ఊరి పేరు చెప్పించండి. సైన్యం ఎటు నుంచి వచ్చిందో పుస్తకాల్లో ఉంది. కింద నిలబడ్డ రైతు ఏం చూసిండో మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. అడిగినోళ్లు వాళ్లు చెప్పింది చెప్పినట్టు కింద రాయండి, అందరం చదువుదాం.