పైరెక్కను పట్టుకున్నదేది?

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, నేను గండికోట బురుజుల గురించో, పెన్న లోయ గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలోనే చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఎనిమిదో తరగతి నాటి ఒక బాకీ తీర్చుకుంటాను.

ఆ ఏడు బడిలో ప్రదర్శన పెట్టారు. ఒక పాత పత్రికలోని బొమ్మ చూసి, అట్టముక్కలతో రెండంతస్తుల రెక్కల విమానం చేశాను. రెక్కల మధ్య చీపురుపుల్లలు నిలబెట్టాను. డ్రాయింగు అయ్యవారు వచ్చి వేలితో పైరెక్కను అలా తాకారు. అది పక్కకు ఒరిగిపోయింది.

"పైరెక్కను ఏది పట్టుకోనుందిరా అబ్బీ?"

"పుల్లలు సార్."

"పుల్లలు మోస్తాయి. పట్టుకునేది ఏది?"

నా దగ్గర జవాబు లేదు. పత్రికలోని బొమ్మలో రెక్కల మధ్య సన్నటి గీతలు ఉన్నాయి. అచ్చులో పడిన గీతలనుకుని వదిలేశాను. అవే తీగలని తెలిసేసరికి బడి వదిలి చాలా ఏళ్లయింది.

ఆ తీగల పుట్టుక రైలు వంతెనల్లో ఉంది. అమెరికాలో రైలు వంతెనలు కట్టిన ఇంజనీరు ఆక్టేవ్ చాన్యూట్, వంతెనల్లో ఐమూలగా బిగించే కడ్డీల పద్ధతిని 1896లో రెండంతస్తుల గ్లైడరుకు వాడాడు. రైట్ సోదరులు దాన్నే అందుకున్నారు. 1903లో ఎగిరిన వారి విమానంలో చెక్క, గుడ్డలతో చేసిన రెక్కలను బిగించి నిలిపినవి ఆ తీగలే.

గాలిలో ఉన్నప్పుడు రెక్క పైకి లేస్తుంది. అది మడతపడకుండా విమానం అడుగు నుంచి పైరెక్క చివరి వైపు వెళ్లే తీగలు లాగి పట్టుకుంటాయి. నేల మీద ఉన్నప్పుడు రెక్క బరువు కిందికి లాగుతుంది. అప్పుడు పైరెక్క మధ్యభాగం నుంచి కిందిరెక్క చివరి వైపు దిగే తీగలు ఆ బరువు మోస్తాయి. నులకమంచం అల్లిన వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ఒకచోట వదులైతే మంచమంతా కుంగుతుంది, ఒకచోట అతిగా బిగిస్తే కోడు వంకరపోతుంది. అందుకే ప్రతి విమానానికీ తీగల బిగువు చూసే పనివాడు వేరే ఉండేవాడు.

ఇందులో మన వైపు కథ కూడా ఉంది. 1800లో నిజాం కంపెనీవారికి వదులుకున్న దత్తమండలాల్లో కడప, దానితోపాటు మన గండికోట వెళ్లిపోయాయి. నూరేళ్లు దాటాక, మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్ 9ఏ బాంబరు విమానాలు కొనిచ్చాడు. 110వ నంబరు స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు అలా వచ్చింది. విమానాల మీద నిజాం కానుక అని రాసి ఉండేది.

వాటిలో ఎఫ్1010 నంబరు విమానం 1918 అక్టోబరులో జర్మనీలో దిగి శత్రువులకు చిక్కింది. బెర్లిన్ ప్రదర్శనశాల నుంచి రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరి, 1977లో ఇంగ్లండు తిరిగి వెళ్లింది. ఇప్పుడది లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. 1933లో మన వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ వాడిన వాపిటి విమానాన్ని కూడా డీహెచ్ 9ఏ భాగాలను ఆధారం చేసుకునే తయారుచేశారు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆ విమానాన్నే నమూనాగా చేయడానికి కూర్చున్నాను. అసలు రెక్కల వెడల్పు 14 మీటర్లు. 72వ వంతుకు తగ్గిస్తే 19 సెంటీమీటర్ల పైచిలుకు. చిక్కంతా తీగలతోనే. అసలు తీగ 6 మిల్లీమీటర్ల మందం అనుకుంటే నమూనాలో అది 0.08 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. కుట్టుదారం 0.2 మిల్లీమీటర్లున్నా, అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల మోకు కట్టినట్టు కనిపిస్తుంది. దానికి నూగు కూడా ఉంటుంది.

చివరికి జవాబు దొరికింది మోటార్లు రీవైండింగు చేసే అంగట్లో. బోర్లు ఎండి, మోటార్లు కాలే మన సీమలో ఆ అంగడి లేని ఊరు అరుదు. అక్కడ 44 గేజి రాగితీగ అడిగితే, ఇంత సన్నది ఏ మోటారుకని నవ్వి, మూలనున్న పాత చుట్ట తీసిచ్చారు. అది సరిగ్గా 0.08 మిల్లీమీటర్లు.

చుట్ట నుంచి తీసిన తీగ వంకరగా ఉంటుంది. చిన్నముక్క కోసి రెండు గాజుపలకల మధ్య దొర్లిస్తే తిన్ననవుతుంది. రాగి మెరవకుండా ముందే బూడిదరంగు వేయాలి. జామెట్రీ పెట్టెలోని డివైడరుతో రెండు కొసల మధ్య దూరం కొలిచి, బ్లేడుతో అంతే కోసి, సూదిమొన మీద తెల్లజిగురు తీసుకుని అంటించాలి. దారంలా లాగి కట్టకూడదు, లాగితే ప్లాస్టిక్ రెక్కే వంగుతుంది. విమానం నడుము దగ్గర మొదలుపెట్టి చివరలకు రావాలి. లేకపోతే మన చెయ్యే మన పనిని చెరుపుతుంది. నేను రెండుసార్లు చెరుపుకున్నాను.

నిజాం కానుక అన్న అక్షరాలు అంటించడానికి ఒక సాయంత్రం చాలింది. తీగలకు మూడు నెలలు పట్టింది. ఇచ్చినవారి పేరు విమానం మీదే ఉంది, చరిత్ర పుస్తకాల్లోనూ ఉంది. రోజూ పొద్దున తీగలు తడిమి బిగువు చూసిన మనుషుల పేర్లు నేను చదివిన పుస్తకాల్లో కనపడలేదు. మన బడిలోనూ శిలాఫలకం మీద దాతల పేర్లున్నాయి. డ్రాయింగు అయ్యవారి పేరు ఆ రాతి మీద లేదు.

ఈ నమూనా స్వర్ణోత్సవ ప్రదర్శనలో మన పాత సైన్సు గదిలో ఉంటుంది. పిల్లలను దగ్గరికి రానివ్వండి. ముట్టుకోవద్దని చెప్పేముందు, పైరెక్కను పట్టుకున్నది ఏదని అడగండి.