క్లచ్ పెడల్‌కు అంగుళం ఖాళీ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. కోటలు, నవాబుల గురించి వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను గుమాస్తాను. వాహనాల మరమ్మతు బిల్లులు పరిశీలించే సీటులో చాలా ఏళ్ళు పనిచేశాను. కనుక మన నగరంలో మోటారు బండ్ల క్లచ్ గురించి, దాని పెడల్‌కు ఉండవలసిన కొద్దిపాటి ఖాళీ గురించి వ్రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉన్నది.

మా నివాసం జహనుమా. పైగా అమీరుల భవనం పేరే మా బస్తీకి వచ్చింది. ఫారసీలో 'ప్రపంచాన్ని చూపేది' అని అర్థం. ఇక్కడినుండి చార్మినార్ వైపు వెళితే చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూడవచ్చు. ఆరవ నిజాం ఆర్డరు చేసిన ఆ బండి, 1911లో ఆయన మరణించినందున ఏడవ నిజాం చేతికి వచ్చింది. ఆ తరం కార్ల క్లచ్ గరాటు ఆకారంలో ఉండి, దానికి తోలు తొడిగి ఉండేది. తోలు ఎండిపోతే ఒక్కసారిగా పట్టుకొని బండి ఎగిరిపడేది. నూనె తగిలితే జారిపోయేది. తర్వాత రోజులలో తోలు పోయి, రాపిడికి తట్టుకొనే లైనింగు వేసిన పళ్ళెం వంటి ప్లేటు వచ్చింది.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించారు. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వం క్రిందికి, 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీలోకి వచ్చింది. కచేరీలకు జీపులు, అంబాసిడర్లు వచ్చాయి. 1983 డిసెంబరు నుండి మారుతి 800 వచ్చి, గుమాస్తాలు కూడా కారు గురించి ఆలోచించే రోజులు తెచ్చింది. బండ్లు ఎన్ని మారినా, ఈ కాలమంతా పెడల్ క్రింద ఖాళీ చూడడం మాత్రం డ్రైవరుకు, మిస్త్రీకి తప్పని పనిగానే ఉన్నది.

ఆ ఖాళీ ఎందుకు? ఇంజను వెంట తిరిగే ఫ్లైవీలుకు క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు బలంగా అదిమి ఉంచుతుంది. మనం పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఆ అదుమును వదిలిస్తుంది. కాలు తీసినప్పుడు బేరింగు దూరంగా జరిగి విశ్రాంతి తీసుకోవాలి. అంబాసిడర్లలో బేరింగు స్థానంలో కార్బన్ దిమ్మ ఉండేది, అది ఒరుసుకుంటే ఇట్టే అరిగేది. అందుకే పెడల్ మొదటి అంగుళం వరకు వట్టిగా దిగాలి. మిస్త్రీలు దీనినే 'ప్లే' అంటారు. విచిత్రమేమంటే, ప్లేటు అరిగేకొద్దీ ఈ ప్లే పెరగదు, తగ్గుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా తగ్గుతుంది. అది పూర్తిగా పోతే తొక్కకుండానే క్లచ్ సగం వదిలినట్లై, ప్లేటు జారి కాలిపోతుంది.

ఈ సంగతి నాకు 1979లో తెలియదు. మా కచేరీ జీపుకు కొత్త క్లచ్ ప్లేటు వేసిన నాలుగు నెలలకే మళ్ళీ కాలిపోయింది. డ్రైవరు పెడల్ మీద కాలు పెట్టుకొని నడపడమే కారణమని నేను నోటు పెట్టాను. అతను సంజాయిషీ ఇచ్చుకున్నాడు. "సార్, షెడ్డుల పెడల్‌కు ఆట లేకుంట బిగించిండ్రు. నేను తొక్కకున్నా తొక్కినట్టే ఉంటది" అన్నాడు. అది కుంటిసాకు అనుకొని 'సంజాయిషీ సంతృప్తికరముగా లేదు' అని వ్రాశాను. పై అధికారి సంతకం చేశారు. అతని జీతంలో పది నెలలు కోత పడింది.

ఇరవై ఏళ్ళ తర్వాత పాత మారుతి 800 కొన్నాను. పెడల్ వదులుగా ఉన్నదని నేనే ఒక మెకానిక్కుతో గట్టిగా బిగింపించుకున్నాను. నెల తిరగకుండా ఫలక్‌నుమా రైలు వంతెన ఎక్కుతుంటే ఇంజను అరుస్తున్నది గాని బండి కదలదు. మాడు వాసన. వెనుక బస్సు హారను. మా బస్తీ ఉస్తాద్ వచ్చి, చేత్తో పెడల్ నొక్కి, "సాబ్, ప్లే ఏదీ? మీరు తొక్కకపోయినా తొక్కినట్టే" అన్నాడు. ఇరవై ఏళ్ళ క్రితం విన్న మాట అదే. ఆ డ్రైవరును వెతికాను. అప్పటికి ఆయన లేడు.

ఇంట్లో కేబుల్ క్లచ్ కారు ఉన్నవారు ఇలా చూసుకోవచ్చు. ఇంజను ఆపి, పెడల్ పక్కన స్కేలు నిలిపి, చేత్తో మెల్లగా నొక్కండి. బరువు తగిలే చోటికి ఎంత దిగిందో కొలవండి. చాలా బండ్లకు 15 నుండి 25 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకంలో ఉన్న లెక్కే ప్రమాణం. తక్కువైతే కేబుల్ చివర లాక్ నట్టు వదులు చేసి, సర్దుబాటు నట్టు త్రిప్పి, మళ్ళీ కొలిచి, లాక్ నట్టు బిగించాలి. ప్లే మరీ ఎక్కువైతే రివర్స్ గేరు కరకరలాడుతుంది. త్రిప్పడానికి మర ఇక మిగలకపోతే ప్లేటు మార్చవలసిందే. పాత బండ్ల లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది కనుక ఆ ధూళిని ఊదకండి. ఇప్పటి హైడ్రాలిక్ క్లచ్‌లు చాలావరకు తమంతట తామే సర్దుకుంటాయి, వాటిని కదపవద్దు.

నా మనవడు నడిపే కారుకు క్లచ్ పెడలే లేదు. వాడికి ఈ సంగతంతా పాత కథ. నా మటుకు, ఆ రోజు ఫైలు మూసే ముందు నా బల్ల మీది స్కేలు పట్టుకొని జీపు దగ్గరకు నడిచి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు నడవనందుకు ఒక ఇంట్లో పది నెలలు ఇబ్బంది పడ్డారు.